మాట చేరడానికి పట్టే కాలం

మా పాప నిద్రపోయాక ఒకసారి నుదురు తాకి చూసి, అప్పుడు కలం పట్టుకుంటాను. చల్లగానే ఉంటుంది. అయినా ఒక పేజీ రాశాక మళ్ళీ లేచి తాకుతాను. ఇంతలో ఏం మారిపోతుందని మా ఆయన అడుగుతాడు. రెండు కొలతల మధ్యలో ఏం జరిగిందో కొలతకు తెలియదని నా జవాబు. ఈ మాట నాకు ఓడ నేర్పింది.

ఓడంటే నిజం ఓడ కాదు. వరంగల్లులో ఓడెక్కడిది? సముద్రం నేనింతవరకు చూడనే లేదు. ఇంజనీరింగు కాలేజీలో వెనక వరండా చివర ఒక గది. అందులో మూడు కంప్యూటర్లు, వాటిని కలుపుతూ గోడ వెంట బొటనవేలంత లావు కేబుల్. ఒకదాని మీద రాడార్ అని, ఒకదాని మీద ఇంజన్ అని, మూడోదాని మీద కెప్టెన్ అని అట్టముక్కలు అతికించి ఉండేవి. ఎమ్మెస్సీ లెక్కలు చదివి, పెళ్ళై, పాప పుట్టి, ఇక చదువు సంగతి అంతే అనుకుంటున్నప్పుడు ఆ గదిలో నాకు ఉద్యోగం దొరికింది.

కొత్తలో ఒకరోజు అటెండరు కాక గది ఊడుస్తూ ఊడుస్తూ చీపురు ఆపాడు.

“అందరు ఓడ ఓడ అంటాండ్రు. ఏడున్నది బిడ్డా?”

“ఇదే కాకా.”

“మరి నీళ్ళు?”

“కూజాల ఉన్నయ్.”

“అయితే మునుగదు తియ్,” అని మళ్ళీ ఊడవడం మొదలుపెట్టాడు.

పని ఇదీ. కొత్త ఓడల్లో ఒక్కో పనికి ఒక్కో కంప్యూటర్ పెడుతున్నారు. రాడార్ దగ్గరిది చూసిన సంగతి కెప్టెన్ దగ్గరి దానికి చెప్పాలి, కెప్టెన్ ఆజ్ఞ ఇంజన్ గదికి చేరాలి. ఆ మాటలు మోయడానికి మధ్యలో ఇంకో ప్రోగ్రాం ఉంటుంది. “ఇది ఇంజన్ గదికి చేర్చు” అని దాని చేతిలో పెడితే చాలు, ఏ తీగ వెంట పోవాలో, పోయిందో లేదో అంతా అదే చూసుకుంటుంది. మేం దాన్ని నడిమి ప్రోగ్రాం అనేవాళ్ళం. దాన్ని రాసింది వేరేవాళ్ళు. అది మాటను ఎంతసేపట్లో చేరుస్తుందో కొలవడం మా వంతు.

మా సార్‌ది కోస్తా. సముద్రం పక్క ఊళ్ళో పుట్టినవాడు. నేను మొదటి వారం కొలతలన్నీ కూడి, సగటు తీసి, ఎంతో నీటుగా గీసిన గీతలతో చూపిస్తే ఆయన సగటు వైపు చూడనే లేదు.

“అన్నిటికంటే ఆలస్యంగా వచ్చిన మాట ఏదమ్మా?”

“ఒకటి రెండున్నాయి సార్. మిగతావన్నీ తొందరగానే వచ్చాయి.”

“ఆ ఒకటి రెండే మనక్కావాలి. ఎదురుగా రాయి ఉందన్న మాట ఓడ గుద్దుకున్నాక చేరితే, తక్కినవన్నీ వేళకు చేరాయని కెప్టెన్‌కి చెప్పి ఓదారుస్తావా?”

ఆ మాట నాకు సరిగ్గా నాటింది. నేను అసలే భయస్తురాలిని. లోకమంతా సగటు చూసి నిశ్చింతగా ఉంటే, నేనొక్కదాన్నే ఆ ఒకటి రెంటి గురించి గుబులుపడుతుంటానని అనుకునేదాన్ని. ఆ గుబులుకు జీతమిచ్చే చోటు ఒకటుందని అప్పుడే తెలిసింది.

ఆ గదిలో వింతలకు లోటు లేదు. ఒకసారి, రాడార్ పంపిన మాట పంపకముందే కెప్టెన్‌కి చేరినట్టు లెక్క వచ్చింది. ఇంటికొచ్చి మా ఆయనకు చెబితే పడీపడీ నవ్వాడు. ఆయన గూడ్సు బండి గార్డు. “మా రైల్వేల గసొంటి బండి ఒక్కటన్న ఉంటే బాగుండు,” అన్నాడు. చివరికి తేలిందేమిటంటే రెండు కంప్యూటర్ల గడియారాలు ఒకటి కావు. రెండోది కాస్త వెనక నడుస్తోంది. అందుకని సార్ ఒక ఉపాయం చెప్పారు. పంపిన చోటికే జవాబు తిరిగి రప్పించు, పోనూ రానూ ఒకే గడియారంతో చూడు. రెండు గడియారాల మధ్య తగువు తీర్చక్కర లేదు. ఇంత చిన్న ఉపాయం నాకు తట్టలేదే అని సిగ్గుపడుతూనే ఆ రోజంతా ముచ్చటపడ్డాను.

పాపకు ఏడాది నిండలేదు అప్పటికి. ఉద్యోగంలో చేరిన కొన్నాళ్ళకు జ్వరం వచ్చి, ఒళ్ళు కాలిపోయి, ఉన్నట్టుండి కళ్ళు పైకి తేలేసి కాళ్ళూ చేతులూ కొట్టుకుంది. నేను ఇంట్లో లేను. అత్తమ్మ పిల్ల గుప్పిట్లో ఇనుప తాళంచెవి పెట్టి, ప్రార్థన చేసుకుంటూ వీధిలోకి పరుగెత్తిందట. నేను వచ్చేసరికి మిషను దవాఖానలో ఉన్నారు. డాక్టరమ్మ అంతా విడమర్చి చెప్పింది. జ్వరం ఎక్కుతున్నట్టు తెలియగానే మందు పట్టాలి, తడిబట్టతో తుడవాలి. ఫిట్స్ వస్తే పక్కకు పడుకోబెట్టాలి, నోట్లో ఏమీ పెట్టకూడదు, ఆగకపోతే తేవాలి. చాలామంది పిల్లలకు వస్తుంది, పెద్దయితే పోతుంది అంది. అత్తమ్మ తల ఊపింది కానీ పిల్ల గుప్పిట్లోంచి తాళంచెవి మాత్రం తియ్యనివ్వలేదు. మా ఆయన బండి మీద పోతే ఎప్పుడొస్తాడో ఆయనకే తెలియదు. అంటే వేళకు చేరాల్సిన మనిషిని నేనే.

అందుకే ఒకటి నిశ్చయించుకున్నాను. ఇంటి మాట నాకు వేళకు అందుతుందంటే ఉద్యోగం చేస్తాను. అందదంటే మానేస్తాను.

మేముండేది కాజీపేట రైల్వే క్వార్టర్లలో. పక్కింటి అక్క వాళ్ళకు ఫోనుంది. కాలేజీలో ఫోను ఆఫీసు బయట, కాక కూర్చునే బల్ల మీద. అత్తమ్మ అక్కకు చెబితే, అక్క ఫోను చేస్తే, కాక ఎత్తి, వరండా అంతా నడిచి వచ్చి నాకు చెప్పాలి. మాట ముగ్గురి చేతులు మారాలన్న మాట. ఎంతసేపు పడుతుంది? ఓడను కొలిచినట్టే కొలుద్దామనుకున్నాను.

మర్నాడు పొద్దున ఆఫీసు నుంచి అక్కకు ఫోను చేశాను. “అక్కా, అత్తమ్మను ఇయ్యాల ఏం కూరనో అడిగి, కాకకు ఫోన్ చేసి చెప్పవా?”

“ఏందే చెల్లె, పొద్దుగాలనే ఆకలైతాందా?”

“చెప్తగని ముందుగాల అడుగు.”

గదికి వచ్చి గడియారం ముందు కూర్చున్నాను. కాసేపటికి చెప్పుల చప్పుడు. కాక గుమ్మంలోంచే అరిచాడు. “బీరకాయ! పాలు పోసి వండిందట!”

అలా కొన్ని వారాలు రోజూ అడిగాను. మా ఇంటి కూర కాలేజీ అంతటికీ తెలిసిపోయింది. “మల్ల గోకరకాయనే. మీ అత్తమ్మకు ఇంకో కూర రాదా?” అని కాక వెక్కిరించేవాడు. మా సార్ కూడా “ఇవాళ ఎంతసేపు పట్టిందమ్మా, కూర?” అని అడిగేవారు. ఎప్పుడూ పెద్దగా ఆలస్యం కాలేదు. అన్నిటికంటే ఆలస్యమైన రోజు కూడా నేను భయపడినంత కాదు. గుండె కుదుటపడింది. ఉద్యోగం చేసుకోవచ్చు.

ఓడ పని కూడా బాగానే నడుస్తోంది. వేలకు వేల మాటలు ఒకదాని వెనక ఒకటి పంపి చూశాం. కేబుల్ కిక్కిరిసిపోయేలా పంపాం. నడిమి ప్రోగ్రాం అన్నిటినీ గడువులోపలే చేర్చింది. అప్పుడు ఓడల వాళ్ళ దగ్గర్నుంచి ఒక ఫిర్యాదు వచ్చింది. వాళ్ళ దగ్గర పెట్టి చూస్తే అంతా బాగుంది కానీ, ఎప్పుడో ఒకసారి మోగే ప్రమాదపు గంట మాత్రం ఆలస్యంగా మోగుతోందట. అదీ ఏ హడావుడీ లేనప్పుడు. రద్దీలో ఆలస్యమైతే అర్థముంది, ఖాళీగా ఉన్నప్పుడు ఎందుకవుతుంది? సార్‌కి నమ్మబుద్ధి కాలేదు. మేం మళ్ళీ వేలకు వేలు పంపి చూశాం. మళ్ళీ అన్నీ వేళకే చేరాయి.

ఆ ముడి విప్పలేక సతమతమవుతున్న రోజుల్లోనే ఒక మధ్యాహ్నం, గదిలో డబ్బా మూత తీసి అన్నానికి కూర్చున్నాను. పక్కన ప్రింటు కాగితాలు పరుచుకుని, ఒక ముద్ద తింటూ ఒక వరస చూస్తూ, చాలాసేపు తిన్నాను. మధ్యలో కాక వచ్చి గ్లాసులో నీళ్ళు పోశాడు. వెళ్ళాడు. మళ్ళీ వచ్చి గుమ్మం దగ్గర నిలబడ్డాడు. గది తాళం కోసమేమో అనుకున్నాను. నేను చెయ్యి కడుక్కుని తుడుచుకున్నాక దగ్గరికి వచ్చాడు.

“బిడ్డా, ఇంటి నుంచి ఫోనచ్చింది. ఏం గాలే. పాపకు నొసలు, పెయ్యి జరంత ఎచ్చగున్నదట. తొందరేం లేదన్నరు.”

“ఎప్పుడొచ్చింది కాకా?”

“నువ్వు డబ్బా మూత తీసినప్పుడు.”

“మరి అప్పుడే చెప్పొద్దా!”

“అన్నం ముందట కూసున్న మనిషికి గసొంటి మాట ఎట్ల చెప్తరు? బుక్క గొంతుల దిగుతదా? తిన్నంక చెప్దామని నిలబడ్డ.”

కాకను తిట్టలేకపోయాను. ఎందుకంటే మా పుట్టింట్లోనూ అంతే. మా నాయనమ్మ పోయిన కబురు తెచ్చిన మనిషి, మేం పిల్లలం విస్తళ్ళ ముందు ఉన్నామని చూసి, అరుగు మీద కూర్చుని వానల గురించి మాట్లాడాడు. మేం తిని లేచాకే మా అమ్మ ఏడుపు వినబడింది. తినే మనిషికి చెడ్డమాట చెప్పకూడదు. కాక నా మంచి కోరే ఆగాడు.

గేటు దగ్గరికి పరుగెత్తాను. కాజీపేట జీపు ఉంది. ఎక్కి కూర్చున్నాను. నేనొక్కదాన్నే.

“పోనీ అన్నా, జల్ది.”

“ఇంకా మంది రావాలె అక్కా.”

“పొద్దుగాల ఎక్కంగనే పోతది గదా?”

“పొద్దుగాల మంది ఉంటరు, నిండంగనే పోతది. గిప్పుడు ఒక్కదానివే ఉంటివి. నీకోసం ఖాళీ బండి గుంజుకపోవాల్నా?”

అతను బీడీ ముట్టించాడు. నేను దిగి రిక్షా ఎక్కాను. దారిలో నా మనసు చేసిన పని ఎవరికైనా చెబితే తిడతారు. పిల్ల ఎలా ఉందోనని రిక్షావాణ్ణి తొందరపెడుతూనే, ఆ జీపు గురించి ఆలోచించాను. రద్దీలో తొందరగా పోతుంది. ఒంటరిగా ఎక్కితే ఆగిపోతుంది. మేం ఏనాడైనా ఒక్క మాట ఒంటరిగా పంపామా?

ఇంటికి చేరేసరికి పాప తడిబట్ట అంచు నోట్లో పెట్టుకుని చప్పరిస్తోంది. జ్వరం దిగింది. ఫిట్స్ రాలేదు. మందు పట్టి, ఒళ్ళంతా తుడిచి, అత్తమ్మ చెమటలు పట్టి కూర్చుంది.

“జల్ది రమ్మంటే గింత సేపా? పిల్ల పెయ్యి కాలిపోతాందని చెప్పి పంపితిగదా!”

నేను గుమ్మంలో నిలబడ్డ పక్కింటి అక్క వైపు చూశాను. అక్క తల దించుకుంది. “గట్లనే చెప్తే నువ్వు భయపడి రిక్షాలకెల్లి కిందపడ్తవేమోనని, చెల్లె. జరంత తగ్గించి చెప్పిన.”

ఒకరు మాటను మెత్తబరిచారు, ఒకరు ఆపి ఉంచారు. ఎవరిలోనూ చెడ్డ తలపు లేదు. నేను అన్ని వారాలు కొలిచింది కూర మాటను. నవ్వు పుట్టించే మాటకు అందరూ పరుగెత్తారు. జ్వరం మాటకు ఎవరి కాళ్ళూ లేవవు.

“ఇగ మానేస్త అత్తమ్మా. ఈ నౌకరి నాకొద్దు.”

“మానేసి ఏం జేస్తవ్?”

“పిల్లను చూసుకుంట.”

“రోజంత నెత్తి మీద చెయ్యి పెట్టి చూసుకుంట కూసుంటవు. గా చెయ్యి వేడికే పిల్లకు జరమొస్తది,” అంది అత్తమ్మ. “ఇయ్యాల నేనేం గడ్డి పీకిన్నా? డాక్టరమ్మ చెప్పినట్టు చెయ్యలే?”

చేసింది. కానీ తొందరగా రమ్మని చెప్పి పంపింది కూడా ఆమే. పిల్లను నా ఒళ్ళో పెట్టి, అంతసేపూ బొడ్లో దోపుకుని ఉన్న తాళంచెవి తీసి గూట్లో పెట్టింది. మానాలా వద్దా అన్నది తేలలేదు.

మర్నాడు గదికి పోగానే నడుస్తున్న మాటల ప్రవాహం అంతా ఆపేశాను. కేబుల్ మొత్తం ఖాళీ. అప్పుడు రాడార్ నుంచి ఒకే ఒక్క చిన్న మాట పంపాను. జవాబు ఆలస్యంగా వచ్చింది. మనిషి కంటికి తెలిసేంత కాదు కానీ, గడువు దాటింది. కాసేపాగి ఇంకొకటి పంపాను. అదీ అంతే. గుంపుగా పంపితే వేళకు, ఒంటరిగా పంపితే ఆలస్యం. సార్‌ని పిలిచాను. ఆయన నిలబడే “మళ్ళీ పంపు,” అన్నారు. మళ్ళీ. చివరికి కుర్చీ లాక్కుని కూర్చున్నారు.

“ఎలా తట్టిందమ్మా?”

“జీపు సార్. నిండితే గానీ కదలదు.”

ఆయనకు అర్థం కావడానికి ఒక్క క్షణం పట్టింది. తర్వాత ఇద్దరం నడిమి ప్రోగ్రాం తెరిచి వరస వరసా చదివాం. దొరికింది. చిన్న చిన్న మాటలకు ఒక్కోదానికీ తీగను వాడుకోవడం దుబారా అని, రాసినాయన ఒక ఏర్పాటు చేశాడు. చిన్న మాట వస్తే కాసేపు పట్టి ఉంచుతుంది. తోడుగా ఇంకొన్ని వస్తే అన్నిటినీ కలిపి పంపుతుంది. రద్దీలో తోడు వెంటనే దొరుకుతుంది కనుక ఆలస్యమే ఉండదు. ప్రమాదపు గంట ఎప్పుడో ఒకసారి, ఒక్కటే వస్తుంది. దానికి తోడెవరు? ఎవరూ రాని బండిలో అది కూర్చుని ఉంటుంది. రాసినాయన కూడా మా కాకలాగే మంచి మనిషని నాకనిపించింది. తీగ మీద జాలిపడ్డాడు.

దిద్దుబాటు పెద్దదేం కాదు. మాట తలకాయలో, అంటే దాని మొదట్లో, ఒక చిన్న గుర్తు పెట్టించాం. ఆ గుర్తు ఉంటే మాట లోపల ఏముందో చూడకూడదు, తోడు కోసం ఆగకూడదు, వెంటనే వదిలెయ్యాలి. ఒంటరిగా పంపాం, గుంపు మధ్య పంపాం. గడువులోనే చేరింది. ఓడల వాళ్ళకు సార్ ఆ సంగతి తెలియజేశారు. ఫిర్యాదు మళ్ళీ రాలేదు.

ఇంటి మాటకు గుర్తు ఎలా పెట్టాలి? అక్కకు చెప్పడం తేలికే అయింది. అత్తమ్మ ఏమంటే అదే అను, నేను పడను, పడితే రిక్షావాడు లేపుతాడు అన్నాను. కష్టమంతా కాకతోనే.

“ఈసారి నేను తింటున్నా చెప్పాలె కాకా.”

“నాతోని కాదు బిడ్డా. ఏమన్న అను, అన్నం మీద కూసున్నోళ్ళకు చెప్పనీకె నాకు నోరు రాదు.”

“నోటితోని చెప్పకు.”

“మరి?”

బల్ల మీద నా డబ్బా ఉంది. “వచ్చి డబ్బా మీద మూత పెట్టు. అంతే. నేను లేస్త.”

కాక మూత చేతిలోకి తీసుకుని తిప్పి చూశాడు. “తినేటోళ్ళ అన్నం మీద మూత పెట్టుడు కూడ పాపమే,” అన్నాడు. “కని నోటితోని చెప్పుడంత గాదు.”

వానాకాలం ఒకరోజు, నేను రెండో ముద్ద కలుపుతుండగా కాక గదిలోకి వచ్చాడు. నీళ్ళు పోయలేదు. నా మొహం వైపు చూడలేదు. బల్ల మీది మూత తీసి, నా డబ్బా మీద పెట్టి, అరచేత్తో గట్టిగా నొక్కాడు. నేను ఎంగిలి చెయ్యి కడుక్కోకుండానే లేచాను. గేటు దగ్గర రిక్షా అప్పటికే పిలిచి ఉంచాడు.

ఇంటికి చేరేసరికి పాప ఒళ్ళు కాలిపోతోంది. అత్తమ్మ మందు పట్టింది, తుడుస్తూనే ఉంది, వేడి దిగడం లేదు. అదే రిక్షాలో ముగ్గురం మిషను దవాఖానకు పోయాం. గుమ్మం ఎక్కుతుండగా నా చేతుల్లోనే పిల్ల బిగుసుకుంది. పక్కకు తిప్పాను. అత్తమ్మ చేతిలో తాళంచెవి లేదు, పిల్ల తల కింద ఆమె అరచెయ్యి ఉంది. డాక్టరమ్మ వచ్చేసింది. కాసేపటికి పాప ఒళ్ళు సడలి, గట్టిగా ఏడ్చింది. అంత మంచి ఏడుపు నేనెప్పుడూ వినలేదు.

“అచ్చినవు బిడ్డా,” అంది అత్తమ్మ. అంతే అంది. ఉద్యోగం మానే మాట నేనూ ఎత్తలేదు, ఆమే ఎత్తలేదు.

రెండు రోజుల తర్వాత కాలేజీకి పోతే, ఓడ గదిలో కెప్టెన్ అట్ట పక్కన నా డబ్బా కడిగి బోర్లించి ఉంది. కాక గుమ్మంలో నిలబడ్డాడు.

“పాప?”

“నవ్వుతాంది కాకా.”

“నువ్వు తినకుంట పోతివని నాకు ఆ పొద్దంత బుక్క దిగలే,” అన్నాడు. తర్వాత భుజం మీది తువ్వాలు దులుపుకుని, “అయితే ఫోన్ చెయ్యనా? ఇయ్యాల ఏం కూరనో అడుగుత,” అన్నాడు.

చెప్పుల చప్పుడు వరండా చివరికి పోయింది. ఊరికే వింటూ కూర్చుందామనుకున్నాను కానీ, గడియారం వైపు చూడకుండా ఉండలేకపోయాను.